బల్ల లేని ఇంట్లో మౌస్

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఈ రోజుల్లో ఎవరైనా "అన్నా, బాల్ మౌస్ ఉందా?" అని అడిగితే కొట్టులో కుర్రవాడు ముందు నవ్వుతాడు. కింద రబ్బరు బంతి దొర్లే మౌస్‌ను అతను చూసి కూడా ఉండకపోవచ్చు. అయినా వెతికేవాళ్లు వెతుకుతూనే ఉంటారు. పాత గేమ్ కన్సోళ్లను బాగుచేసి ఆడుకునే సరదా అలాంటిది. అలా వెతికే సామానులో ఒక వింత వస్తువు ఉంది. 1992లో నింటెండో తన సూపర్ నింటెండో కన్సోల్ కోసం తెచ్చిన మౌస్ అది. టీవీ ముందు కూర్చుని ఆడే యంత్రానికి, బల్ల మీద నడవాల్సిన పరికరాన్ని తగిలించారు. ఈ పొత్తు ఎంతవరకు కుదిరిందో చూస్తే, తప్పు మౌస్‌లో కన్నా దాన్ని పెట్టుకునే చోటులోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఈ కన్సోల్ జపాన్‌లో సూపర్ ఫామికామ్ పేరుతో 1990 నవంబరులోనే వచ్చింది. అమెరికాకు 1991లో చేరింది. మౌస్ మాత్రం 1992 జూలైలో జపాన్‌లో, మరుసటి నెలలో అమెరికాలో, ఏడాది చివర్లో ఐరోపాలో అమ్మకానికి వచ్చింది. మారియో పెయింట్ అనే బొమ్మలు గీసే కేసెట్టు, మౌస్, గట్టి ప్లాస్టిక్ ప్యాడ్ కలిపి ఒకే డబ్బాలో ఇచ్చారు. విండోస్ 3.1 వచ్చింది కూడా ఆ ఏడాదే. ఇళ్లలో కంప్యూటర్లు ఇంకా పలచగానే ఉన్న కాలం కాబట్టి, అక్కడి పిల్లల్లో చాలామంది చేత్తో పట్టుకున్న మొదటి మౌస్ ఇదే అయింది.

అప్పటికి చెన్నై ఇంకా మద్రాసే. టీ నగర్‌లోనో విల్లివాక్కంలోనో ఉండే తెలుగు ఇళ్లలో "టీవీ గేమ్" అంటే సమురాయ్ బ్రాండు లాంటి పాత తరం 8-బిట్ పెట్టె, దానిలోకి దిగేసే కేసెట్టు. సూపర్ నింటెండో లాంటి 16-బిట్ యంత్రం కావాలంటే విదేశంలో ఉన్న మేనమామ తేవాలి, లేదా బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజారులో వెతకాలి. దానికి మౌస్ కూడా ఉందని తెలిసినవాళ్లే అరుదు. అయితే తర్వాత కొన్నేళ్లకు అదే 8-బిట్ పెట్టె కీబోర్డు ఆకారంలో, పక్కన ఒక మౌసు, ఒక తుపాకీతో "టీవీ కంప్యూటర్" అనే పేరు పెట్టుకుని బజార్లలోకి దిగింది. టీవీ ముందు నేల మీద మౌస్ తోసిన అనుభవం మనవాళ్లలో ఎవరికైనా ఉంటే అది చాలావరకు ఆ పెట్టె పుణ్యమే.

మళ్లీ మారియో పెయింట్ దగ్గరికి వద్దాం. దాన్ని ఆట అనడం కష్టం. బొమ్మలు గీయొచ్చు, రంగులు నింపొచ్చు, నాలుగు నుంచి తొమ్మిది బొమ్మలను వరుసగా తిప్పి చిన్న యానిమేషన్ చేయొచ్చు, స్వరాలు పేర్చి పాట కట్టొచ్చు. విసుగొస్తే ఈగల్ని కొట్టే చిన్న ఆట ఉంది. సొంత ముద్రలు చేసుకోవడానికి అడ్డం 16, నిలువు 16 గళ్లు ఇస్తుంది. ఇంగ్లిషు అక్షరానికి ఆ గళ్లు ధారాళంగా సరిపోతాయి. మన అక్షరానికి మాత్రం చాలవు. "అ" ఎలాగో పడుతుంది గానీ "లక్ష్మి" అనే పేరులో రెండో అక్షరాన్ని గుడితో, కింద రెండు ఒత్తులతో ఆ గళ్లలో ఇరికించడం ఎవరి తరమూ కాదు. ముగ్గులైతే హాయిగా వస్తాయి. చుక్కల వరుస ఒకటి ముద్రగా చేసుకుని, దాన్ని తెర మీద పరిచి, చుక్కల మధ్య మెలికలు తిప్పడం ఈ పరికరానికి పుట్టుకతో వచ్చిన పనిలా ఉంటుంది. ఒక్కటే చిక్కు. కేసెట్టులో బ్యాటరీ ఆధారంతో దాచుకోగలిగేది ఒక్క బొమ్మనే. రెండోది దాచాలంటే మొదటిది చెరిగిపోతుంది. అందుకే గీసినవాళ్లు వీసీఆర్‌కు తగిలించి టేపు మీదికి ఎక్కించుకునేవారు.

ఇక మౌస్ పొట్టలోకి. లోపల బంతి, దానికి ఆనుకుని రెండు చిన్న కడ్డీలు ఉంటాయి. ఒకటి అడ్డంగా జరిగినప్పుడు తిరుగుతుంది, రెండోది ముందుకీ వెనక్కీ జరిగినప్పుడు తిరుగుతుంది. ప్రతి కడ్డీ చివరా చీలికలున్న చిన్న చక్రం, దానికి ఒకవైపు కంటికి కనపడని కాంతినిచ్చే దీపం, రెండోవైపు ఆ కాంతిని పట్టే భాగం. చక్రం తిరిగేకొద్దీ కాంతి తెగుతూ అందుతూ ఉంటుంది. ఎన్నిసార్లు తెగిందో లెక్కిస్తే ఎంత దూరం జరిగిందో తెలుస్తుంది. పక్కపక్కనే రెండు చోట్ల కాంతిని పట్టి, ఏది ముందు తెగిందో చూస్తే ఎటు జరిగిందో తెలుస్తుంది. ఆ కాలపు కంప్యూటర్ మౌసులు చాలావరకు ఇంతే. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో మౌస్ తిప్పితే బంతి ఉండేది కాదు, ఎవడో జేబులో వేసుకుపోయి ఉండేవాడు. ఆ బంతే ఇది కూడా.

నింటెండో తెలివి బంతిలో లేదు, తీగలో ఉంది. కన్సోల్‌కు మౌస్ కోసం వేరే సాకెట్టు పెట్టలేదు. మామూలు కంట్రోలర్ దూరే చోటే మౌస్ కూడా దూరుతుంది. రెండేళ్ల క్రితమే అమ్ముడైపోయిన కన్సోళ్లలో ఒక్క స్క్రూ కూడా మార్చకుండా కొత్త పరికరం పనిచేయాలి. అది ఎలా కుదిరిందో చెప్పాలంటే కంట్రోలర్ కన్సోల్‌తో ఎలా మాట్లాడుతుందో చూడాలి.

బడిలో హాజరు పిలవడం లాంటిదే ఈ పద్ధతి. టీవీ తెర మీద బొమ్మ మారే ప్రతిసారీ, అంటే జపాన్, అమెరికా కన్సోళ్లలో సెకనుకు సుమారు 60 సార్లు, కన్సోల్ ఒక తీగ మీద 12 మైక్రోసెకన్ల పాటు సంకేతం పంపుతుంది. "హాజరు పిలుస్తున్నా, అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగండి" అన్నట్టు. ఆ క్షణంలో ఏ బటన్ నొక్కి ఉందో కంట్రోలర్ గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత కన్సోల్ మరో తీగ మీద 16 సార్లు తడుతుంది. ఒక్కో తట్టుకు ఒక్కో బటన్ జవాబు చెబుతుంది. కంట్రోలర్‌కు ఉన్నవి 12 బటన్లే. చివరి నాలుగు తట్లకూ ఎవరూ పలకరు, నాలుగు సున్నాలు వస్తాయి.

ఆ ఖాళీ నాలుగు స్థానాల్లోనే మౌస్ తన సంతకం పెట్టింది. మౌస్ తగిలించి ఉంటే చివరి నాలుగూ 0, 0, 0, 1 అని వస్తాయి. ఆ ఒక్క 1 చూడగానే ఆటకు వచ్చింది మౌస్ అని తెలిసిపోతుంది. అప్పుడు మరో 16 సార్లు తట్టి మిగతా సంగతి అడుగుతుంది. మొదటి 8 బిట్లు (బిట్ అంటే ఒక్క 0 లేదా 1) పైకీ కిందికీ ఎంత జరిగిందో, తర్వాతి 8 బిట్లు ఎడమకీ కుడికీ ఎంత జరిగిందో చెబుతాయి. ప్రతి ఎనిమిదింటిలో మొదటి బిట్ దిక్కు, మిగతా ఏడూ దూరం. మౌస్ సంగతి తెలియని పాత ఆటలు ఈ రెండో విడత అడగనే అడగవు కాబట్టి వాటికి ఇబ్బంది లేదు.

ఆ పాత ఆటలో మౌస్ తగిలిస్తే ఏమవుతుందనేది సరదా ప్రశ్న. హాజరు పట్టీలో ఎవరి స్థానంలో ఎవరు పలుకుతున్నారో చూస్తే జవాబు దొరుకుతుంది. మొదటి ఎనిమిది స్థానాల్లో, అంటే దిక్కుల బటన్లూ స్టార్టూ ఉండే చోట, మౌస్ ఎప్పుడూ సున్నాలే పంపుతుంది. మౌస్ కుడి బటన్ సరిగ్గా కంట్రోలర్ "A" బటన్ స్థానంలోనూ, ఎడమ బటన్ "X" స్థానంలోనూ పలుకుతాయి. మౌస్ వేగాన్ని చెప్పే రెండు బిట్లు భుజాల మీది ఎల్, ఆర్ బటన్ల స్థానాల్లో కూర్చుంటాయి. కాబట్టి మారియో కదలడు గానీ, మౌస్ వేగం పెంచి ఉంటే మాత్రం భుజం బటన్‌ను ఎవరో వదలకుండా నొక్కి పట్టుకున్నట్టు ఆట అనుకుంటుంది.

ఆ వేగం మార్చే తీరు ఇంకా బాగుంటుంది. మౌస్ మీద దానికి బటన్ లేదు. హాజరు సంకేతం నడుస్తుండగానే కన్సోల్ ఒకసారి తడితే, మౌస్ నిదానం నుంచి మధ్యస్థానికి, అక్కడి నుంచి వేగానికి, మళ్లీ నిదానానికి మారుతుంది. మామూలు కంట్రోలర్‌కు ఆ సమయంలో తట్టినా ఏమీ కాదు. పలకాల్సిన చోట పలికి, పలకకూడని చోట ఊరుకునే ఇలాంటి పొదుపు ఆ కాలపు ఇంజనీర్ల పనితనం. ఇప్పుడు ఒక మౌస్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ సైజు చూస్తే వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

అంకెలు కూడా కొంచెం చూద్దాం. ఈ మౌస్‌ను ఒక అంగుళం జరిపితే సుమారు 50 కౌంట్లు ఇస్తుంది. ఈనాటి మామూలు మౌస్ 800 ఇస్తుంది, అంటే 16 రెట్లు. అంత మొరటుదా అనిపిస్తుంది గానీ, కన్సోల్ తెర అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 224 చుక్కలే. నిదానపు వేగంలో తెర ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి చేయి సుమారు 5 అంగుళాలు జరిగితే చాలు. పిల్లల చేతికి అది సరిగ్గా అందే దూరం. దూరానికి ఇచ్చిన ఏడు బిట్లలో గరిష్ఠంగా 127 పడుతుంది. అంటే సెకనులో 60వ వంతులో రెండున్నర అంగుళాలు. అంత జోరుగా మౌస్ ఈడ్చే మనిషి లేడు. కొలత చాలా సరిగ్గా తీసి కుట్టిన చొక్కా ఇది.

మరి ఇంత బాగా కుట్టిన చొక్కాను ఎవరూ ఎందుకు తొడుక్కోలేదు? నిజానికి కొన్ని ఆటలు తొడుక్కున్నాయి. సివిలైజేషన్, సిమ్‌యాంట్, లెమ్మింగ్స్ 2, కానన్ ఫాడర్ లాంటి కంప్యూటర్ ఆటలు కన్సోల్‌కు వచ్చినప్పుడు మౌస్‌నూ ఒప్పుకున్నాయి. కాల్పుల ఆట వుల్ఫెన్‌స్టీన్ 3డీ కూడా ఒప్పుకుంది. కానీ మౌస్ అవసరం అందరికన్నా ఎక్కువున్న సిమ్‌సిటీ 1991లోనే వచ్చేసింది. ఊళ్లు కట్టే ఆ ఆటలో రోడ్డు వేయాలన్నా, కరెంటు స్తంభం నాటాలన్నా దిక్కుల బటన్లతో బాణాన్ని గడి తర్వాత గడి జరుపుకుంటూ పోవాలి. మొదటి లెమ్మింగ్స్ కూడా మౌస్ కన్నా ముందే వచ్చింది. వంట అయ్యాక గరిటె తెచ్చినట్టయింది. ఆ తర్వాత ఆట తయారుచేసేవాళ్లు లెక్క వేసుకున్నారు. కంట్రోలర్ ప్రతి ఇంట్లో ఉంటుంది, మౌస్ ఏ కొన్ని ఇళ్లలోనో ఉంటుంది. మౌస్‌తోనే ఆడాలి అని షరతు పెట్టడానికి దాదాపు ఎవరూ సాహసించలేదు. సాహసించినవాటిలో పేరున్నది 1993 నాటి మారియో అండ్ వారియో. తర్వాత పోకెమాన్‌తో ప్రపంచం చుట్టిన గేమ్ ఫ్రీక్ సంస్థ చేసిన ఆట అది. ఆటలోని మాటలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నా అప్పట్లో జపాన్ దాటి రాలేదు.

ఈ వ్యాపార లెక్క నిజమే గానీ, అసలు కథ సామాను అమరికలో ఉంది. మౌస్ చదునైన గట్టి చోటు అడుగుతుంది. చేతికి మోచేతి దాకా ఆసరా అడుగుతుంది. కన్సోల్ ఉండేది హాల్లో, టీవీ కింద. అమెరికా ఇంట్లో దాని ఎదురుగా మెత్తటి సోఫా, కింద తివాచీ. బంతికి రెండూ పడవు. తివాచీ మీద పీచు చుట్టుకుంటుంది, సోఫా మీద చోటే లేదు. డబ్బాలో ఇచ్చిన ప్లాస్టిక్ ప్యాడ్‌ను ఒళ్లో పెట్టుకుంటే జారుతుంది, పక్కన పెట్టుకుంటే ఒరుగుతుంది. జపాన్‌లో నేల మీద కూర్చుని వాడే పొట్టి బల్ల చాలా ఇళ్లలో ఉంటుంది. మౌస్‌తోనే ఆడాల్సిన ఆట అక్కడే పుట్టి అక్కడే ఆగడంలో ఆ బల్లకూ కొంచెం పాత్ర ఉందనిపిస్తుంది.

ఆ లెక్కన మద్రాసు తెలుగు ఇల్లు దీనికి జపాన్ కన్నా తీసిపోదు. మొజాయిక్ నేల, టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటు, అన్నం తినే చోటే హోంవర్కు. తివాచీ గొడవ లేదు. కాకపోతే మొజాయిక్ మరీ నున్నగా ఉంటుంది. దాని మీద బంతి దొర్లడం మానేసి జారుతుంది, తెర మీద బాణం గెంతుతుంది. అందుకే గరుకుగా ఉండే ప్యాడ్ ఇక్కడ అలంకారం కాదు. దానికి తోడు చెన్నై గాలి. మే నెలలో అరచేతి చెమట, గాలిలో తేమ, నేల మీది సన్నటి ధూళి కలిసి కడ్డీల చుట్టూ నల్లటి జిడ్డు పట్టీలా పేరుకుంటాయి. బాణం ఒక వైపు సాఫీగా పోతూ రెండో వైపు మొరాయిస్తే జబ్బు ఆ పట్టీదే. కింది మూత తిప్పి, బంతి తీసి పొడి గుడ్డతో తుడిచి, కడ్డీల మీది జిడ్డును గోటితోనో స్పిరిట్ అద్దిన దూదితోనో తీస్తే సగం రోగాలు పోతాయి.

మిగతా కంపెనీలు కూడా ఈ ముచ్చట తీర్చుకున్నాయి. సెగా తన మెగా డ్రైవ్‌కు మౌస్ చేసింది, సోనీ ప్లేస్టేషన్‌కు చేసింది, నింటెండోనే 1999లో తన తర్వాతి కన్సోల్ నింటెండో 64కు తగిలించే 64డీడీ అనే డిస్కు పెట్టెకు మరొకటి చేసింది. ఏదీ హాల్లో స్థిరపడలేదు. చివరికి బల్ల సమస్యను బల్ల లేకుండానే తేల్చారు. 2004లో చేతిలో పట్టుకుని ఆడే నింటెండో డీఎస్ తెర మీదే గీసే పుల్లను ఇచ్చింది. 2006లో వీ (Wii) అనే కన్సోల్ రిమోట్‌ను గాల్లోంచే టీవీ వైపు చూపిస్తే సరిపోయింది. మారియో పెయింట్‌లో ఈగల్ని కొట్టే ఆట 2015 నాటి సూపర్ మారియో మేకర్‌లో మళ్లీ కనిపించడం పాత చుట్టాన్ని పలకరించినట్టే ఉంది.

ఇప్పుడు చెన్నైలో కూర్చుని అసలు సరుకుతోనే ఆడాలనుకునేవాళ్లకు ముందు వచ్చే టెన్షన్ కరెంటు. జపాన్ అడాప్టర్ 100 వోల్టులది, అమెరికాది 120. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే పొగే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. తర్వాత టీవీ. మన పాత డబ్బా టీవీలు పాల్ అనే సిగ్నల్ పద్ధతివి, ఈ కన్సోళ్లు ఎన్‌టీఎస్‌సీ అనే మరో పద్ధతివి. రెండో పద్ధతి తెలియని టీవీలో బొమ్మ నలుపు తెలుపుగా వస్తుంది లేదా దొర్లుతుంది. కొత్త ఎల్‌సీడీ టీవీలకు ఆ పేచీ తక్కువ గానీ, బొమ్మను పెద్దది చేయడానికి అవి తీసుకునే ఆలస్యం మౌస్‌తో వెంటనే తెలిసిపోతుంది. చేయి ముందుపోయి బాణం వెనక నడుస్తుంటే గీత వంకరపోతుంది. గేమ్ మోడ్ పెట్టుకుంటే కొంత నయం. ఒక్క ఊరట ఏమిటంటే, అదే కన్సోల్‌కు వచ్చిన సూపర్ స్కోప్ తుపాకీ పాత గాజు టీవీ లేకపోతే పనికిరాదు. మౌస్‌కు తెర ఏ జాతిదైనా ఒకటే.

అసలు మౌస్ దొరకకపోతే రిచీ స్ట్రీట్ దారి ఉంది. హాజరు పద్ధతి అందరికీ తెలిసిందే కాబట్టి, మనం ప్రోగ్రాం రాసి నడిపించే ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు కొని కొత్త మౌస్‌కు పాత భాష నేర్పొచ్చు. గుండ్రటి పిన్నుల పీఎస్-2 మౌస్ అయితే సులువు (ప్లేస్టేషన్ 2తో దీనికి సంబంధం లేదు). కంట్రోలర్ ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి తెచ్చి మధ్యకు కోస్తే ప్లగ్గు దొరుకుతుంది. లోపలి తీగల రంగులను నమ్మకూడదు, మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ చూసుకోవాలి. కావాల్సినవి ఐదే: 5 వోల్టులు, భూమి, హాజరు తీగ, తట్టే తీగ, జవాబు తీగ.

అక్కడ పడే గుంటలు మూడు. జవాబు తీగ మీద అంతా తలకిందులు, వోల్టు లేకపోతే 1, ఉంటే 0. కొత్త మౌస్ రుణ సంఖ్యలను చెప్పే పద్ధతి వేరు, ఇక్కడ దిక్కు విడిగా దూరం విడిగా ఉండాలి, ఆ మార్పు చేయకపోతే ఎడమకు మెల్లగా జరిపినప్పుడు బాణం ఎగిరిపోతుంది. కౌంట్లను తగిన సంఖ్యతో (అంగుళానికి 800 ఇచ్చే మౌస్ అయితే 16తో) భాగించి పంపాలి, మిగిలిన శేషాన్ని పారేయకుండా తర్వాతి విడతకు కలపాలి. లేకపోతే సన్నటి కదలికలన్నీ మాయమవుతాయి. సమయం కూడా ఇరుకే. మొదటి 16 బిట్లకు ఒక్కో తట్టుకూ 12 మైక్రోసెకన్లు, అంటే 16 మెగాహెర్ట్జ్ ఆర్డుయినోకు 192 అడుగులు మాత్రమే. తర్వాతి 16ను ఆట తనకు నచ్చిన వేగంతో లాగుతుంది. అలాంటిదే మరో బోర్డు రాస్ప్‌బెర్రీ పై పికోకు వేగం బోలెడు, కానీ అది 3.3 వోల్టుల బోర్డు కాబట్టి మధ్యలో వోల్టేజీ మార్చే చిన్న ముక్క పెట్టకపోతే పిన్నులు పోయే ప్రమాదం ఉంది. ఈ అవస్థలన్నీ వద్దనుకునేవాళ్లకు బంతి లేని, కాంతితో నడిచే కొత్త మౌస్‌ను హైపర్‌కిన్ అనే కంపెనీ ఇదే కన్సోల్ కోసం తయారుచేసింది.

2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 కన్సోల్‌లో నింటెండో మళ్లీ మౌస్ దగ్గరికే వచ్చింది. కంట్రోలర్‌ను పక్కకు తిప్పి బల్ల మీద ఆనిస్తే అదే మౌస్. జూలైలో మారియో పెయింట్‌ను కూడా అందులోకి తెచ్చింది. ఈసారి బంతి లేదు కాబట్టి ప్యాంటు తొడ మీద కూడా నడుస్తుంది. లుంగీ మీద మాత్రం కష్టం, బట్ట కంట్రోలర్‌తో పాటే వచ్చేస్తుంది. నేల మీద పెడదామంటే షోలింగనల్లూరు అపార్ట్‌మెంట్లలో ఇప్పుడన్నీ అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్. పాత బంతి వాటి మీద జారుతుంది, కొత్త కాంతి ఆ మెరుపులో తికమకపడుతుంది. రెండింటికీ సరిపోయే బల్ల ప్రతి తెలుగు ఇంట్లోనూ అటక మీద ఉంటుంది. పదో తరగతి పరీక్షలకు కొన్న అట్ట. ఒళ్లో కుదురుగా కూర్చుంటుంది, గరుకుగా ఉంటుంది, సుమారు అడుగు పొడవు కాబట్టి 5 అంగుళాల ప్రయాణానికి కావలసినంత చోటు. పాత మౌస్ అయితే పైనున్న క్లిప్పు కింద వైరు దూర్చితే అది లాగకుండా ఉంటుంది.